పరికరం ‘డిటెక్ట్ అవ్వట్లేదు’ అంటే లోపం ఎక్కడుందో మీరే కనుక్కోవడం ఎలా

“వైఫై మొత్తానికే మాయమైంది. ఒక షాపులో బోర్డ్ పోయిందన్నారు, ఇంకో షాపులో ఫార్మాట్ కొడితే సరిపోతుందన్నారు. ఎవర్ని నమ్మాలి?” నన్ను అందరూ అడిగే ప్రశ్న ఇదే. వైఫై బదులు ఒకరు హార్డ్‌డిస్క్ అంటారు, ఇంకొకరు టచ్‌ప్యాడ్ అంటారు, మరొకరు కొత్తగా కొన్న ర్యామ్ సగమే కనిపిస్తోందంటారు. మన విశాఖలో గాజువాక నుంచి అడిగినా, మధురవాడ నుంచి అడిగినా నా జవాబు ఒకటే: ముందు మీ కంప్యూటర్‌నే అడగండి. ఆన్ అయిన ప్రతిసారీ తనకు ఏ పరికరం దొరికింది, ఏది పలకలేదు, ఏది పలికి మధ్యలో ఆగిపోయింది అనేది అది రాసి పెట్టుకుంటుంది. ఆ రాత చదవడం వస్తే బోర్డ్ పోయిందో, డ్రైవర్ (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) పోయిందో, కేబుల్ వదులైందో చాలావరకు ఇంట్లోనే తేలిపోతుంది. ద్వారకానగర్ దాకా సిస్టమ్ మోసుకెళ్లే ముందు ఒక గంట దీనికి పెట్టండి.

ఏం కావాలి

- ఫోన్. ఫోటోలకీ వీడియోకీ.
- కాగితం, పెన్ను. ఏ దశలో ఏం కనిపించిందో రాసుకోకపోతే అరగంటకే అన్నీ కలిసిపోతాయి.
- 16 జీబీ పెన్‌డ్రైవ్. పనిచేసే ఇంకో కంప్యూటర్‌లో దీని మీద ఉబుంటు (విండోస్ లాంటిదే, ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించాలి. విండోస్‌లోనైతే రూఫస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో అవుతుంది. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ఖాళీది తీసుకోండి.
- డెస్క్‌టాప్ అయితే స్క్రూడ్రైవర్, మెత్తటి బ్రష్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చిన్న సీసా.
- బిట్‌లాకర్ రికవరీ కీ.

చివరిది చదివి వదిలేయకండి. ఈమధ్య వచ్చే విండోస్ ల్యాప్‌టాప్‌లు చాలా వాటిలో మనకు తెలియకుండానే డిస్క్‌కి బిట్‌లాకర్ తాళం పడి ఉంటుంది. బయోస్‌లో, అంటే ఆన్ కాగానే అన్నిటికన్నా ముందు లేచే ప్రోగ్రామ్‌లో, ఏదైనా మారిస్తే మళ్లీ ఆన్ చేసినప్పుడు 48 అంకెల కీ అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ముందే తీసి కాగితం మీద రాసుకోండి. కీ లేకుండా బయోస్‌లోకి వెళ్లి ఏదీ మార్చొద్దు.

పని మొదలుపెట్టే ముందు ఈ ఒక్కటి తెలియాలి

ఆన్ నొక్కగానే మొదట బోర్డ్ మీద ఉన్న బయోస్ లేస్తుంది. ప్రాసెసర్, ర్యామ్, డిస్‌ప్లే సరిచూసుకుని, మెమొరీ ఎంతుంది, బోర్డ్ మీద ఏమేం అమర్చి ఉన్నాయి అనే పట్టికలు తయారుచేసి ఆపరేటింగ్ సిస్టమ్‌కి అప్పగిస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ పీసీఐ దారుల్లో (వైఫై, గ్రాఫిక్స్ లాంటి కార్డులు బోర్డ్‌తో కలిసే దారులివి) ఒక్కో స్థానాన్నీ బడిలో హాజరు పిలిచినట్టు పిలుస్తుంది. అక్కడ పరికరం ఉంటే రెండు నంబర్లు చెబుతుంది. ఒకటి తయారుచేసిన కంపెనీది, రెండోది మోడల్‌ది. ఇంటెల్‌ది 8086, ఎన్విడియాది 10డిఇ, రియల్‌టెక్‌ది 10ఇసి. పరికరం లేకపోతే నాలుగు ఎఫ్‌లు వస్తాయి, సిస్టమ్ ముందుకెళ్లిపోతుంది. యూఎస్‌బీలో ఏదో గుచ్చారని పోర్టే గమనించి చెబుతుంది, ఆ తర్వాతే సిస్టమ్ నంబర్లు అడుగుతుంది. నంబర్లు తెలిశాక వాటికి తగిన డ్రైవర్ వెతుకుతుంది. కొన్ని పరికరాలకు, ముఖ్యంగా వైఫైకి, డ్రైవర్ వచ్చాక ఫర్మ్‌వేర్ ఫైల్ (పరికరం లోపలే నడిచే ప్రోగ్రామ్) కూడా ఎక్కించాలి. అన్నీ అయ్యాకే మనకు ‘వైఫై’ అనో ‘డి డ్రైవ్’ అనో కనిపిస్తుంది.

ఇందులో మనకు కావలసింది ఒకటే: తన నంబర్లు చెప్పడానికి పరికరానికి డ్రైవర్ అక్కర్లేదు. అంటే నంబర్ల జాబితాలోనే లేని పరికరాన్ని ఏ డ్రైవరూ, ఏ ఫార్మాటూ తీసుకురాలేవు. జాబితాలో ఉండి పనిచేయకపోతే మాత్రం బోర్డ్ పోయిందని తొందరపడక్కర్లేదు. దీనికి రెండు మినహాయింపులు ఉన్నాయి, వాటి సంగతి 3, 4 దశల్లో చెబుతాను.

1. ముందు నిజంగా రీస్టార్ట్ చేయండి

విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. ఇది ఆన్‌లో ఉన్నప్పుడు షట్‌డౌన్ నొక్కితే సిస్టమ్ లోపలి భాగం పూర్తిగా ఆగదు. దాని స్థితి అలాగే డిస్క్‌లో దాచుకుని, మళ్లీ ఆన్ చేసినప్పుడు దాన్నే తిరిగి లేపుతుంది. కాబట్టి ‘నాలుగుసార్లు ఆఫ్ చేసి ఆన్ చేశాను’ అన్నా మొదటి నుంచి హాజరు పడనట్టే. రీస్టార్ట్ నొక్కితేనే అంతా మొదటి నుంచి జరుగుతుంది. షట్‌డౌన్ కన్నా రీస్టార్ట్ చిన్న పని అనుకుంటారు చాలామంది. ఇక్కడ అది తారుమారు.

2. కరెంటు పూర్తిగా వదిలించండి

ల్యాప్‌టాప్ షట్‌డౌన్ చేసి, చార్జర్ పీకి, బ్యాటరీ ఊడేదైతే ఊడదీసి, పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. డెస్క్‌టాప్ అయితే గోడ దగ్గర స్విచ్ ఆపి, వైరు పీకి ఇదే చేయండి. మొండికేసిన వైఫై కార్డులు చాలాసార్లు దీంతోనే తిరిగొస్తాయి. కరెంటు పోతూ వస్తూ ఉన్న రాత్రి తర్వాత పరికరం మాయమైతే ముందు చేయాల్సింది ఇదే.

బయట తగిలించే పరికరమైతే ఇంకో పోర్టులో పెట్టి, ఇంకో కేబుల్‌తో చూడండి. డెస్క్‌టాప్‌లో ముందు వైపు పోర్టులు బోర్డ్‌కి సన్నటి వైర్లతో కలుస్తాయి, ఆ వైర్లు ఊడి ఉండొచ్చు. కాబట్టి వెనక పోర్టులో, హబ్ లేకుండా నేరుగా పెట్టండి.

3. బయోస్‌లో ఏం కనిపిస్తోందో చూడండి

ఆన్ చేసిన వెంటనే బయోస్ కీ వరుసగా నొక్కుతూ ఉండండి. చాలా ల్యాప్‌టాప్‌లకి ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10, థింక్‌ప్యాడ్‌కి ఎఫ్1, డెస్క్‌టాప్ బోర్డులకి ఎక్కువగా డిలీట్.

లోపలికి వెళ్లాక మూడు చూడండి. ర్యామ్ మొత్తం ఎంత చూపిస్తోంది? డిస్క్ పేరు, మోడల్ కనిపిస్తున్నాయా? తేదీ, టైమ్ సరిగ్గా ఉన్నాయా? ఫోటో తీసుకోండి. వైఫై కార్డు లాంటివి ఇక్కడ కనిపించకపోవడం మామూలే, దానికి టెన్షన్ పడొద్దు.

తేదీ ఎందుకంటే, బోర్డ్ మీద సీఆర్2032 అనే బిళ్ల బ్యాటరీ ఉంటుంది. కరెంటు లేనంతసేపూ గడియారాన్ని నడిపేది అదే. పాత బోర్డులు చాలా వాటిలో బయోస్ సెట్టింగులను నిలిపేదీ అదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టాక మన ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేని సంగతి తెలిసిందే. అలాంటప్పుడు పాత సెల్లు చచ్చిపోతే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది, సెట్టింగులు కంపెనీ నుంచి వచ్చినట్టుగా మారిపోతాయి. డిస్క్ బాగానే ఉంటుంది గానీ, దానితో మాట్లాడే పద్ధతి, అంటే ఏహెచ్‌సీఐ, రెయిడ్ అనే సెట్టింగు, మారిపోవడంతో విండోస్ నీలం తెర చూపించి ఆగిపోతుంది. చూసినవాళ్లు డిస్క్ పోయిందంటారు. తేదీ తప్పుగా ఉంటే ముందు సెల్లు మార్చండి, తర్వాత ఆ సెట్టింగు పాతదానికి తిప్పండి.

మొదటి మినహాయింపు ఇక్కడే. 11వ తరం, ఆ తర్వాతి ఇంటెల్ ప్రాసెసర్ల ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో విండోస్ కొత్తగా ఎక్కించబోతే డిస్కులే కనిపించవు, బయోస్‌లో మాత్రం కనిపిస్తాయి. కారణం వీఎండీ అనే సెట్టింగు. అది డిస్కులను తన వెనక దాచి ఉంచుతుంది, దాని డ్రైవర్ ఉంటేనే అవి పైకి వస్తాయి. తయారీదారు సైట్ నుంచి ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టి, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘లోడ్ డ్రైవర్’ నొక్కి చూపించండి. బయోస్‌లో వీఎండీ ఆపేసినా డిస్క్ కనిపిస్తుంది, కానీ అది ఖాళీ డిస్క్ మీద కొత్తగా విండోస్ వేసుకునేవాళ్లకే. ఇప్పటికే నడుస్తున్న విండోస్ ఉంటే వీఎండీ ఆపొద్దు, అది ఇక లేవదు.

4. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరవండి

విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కితే వచ్చే జాబితాలో డివైస్ మేనేజర్ ఉంటుంది. పైన ‘వ్యూ’లో ‘షో హిడెన్ డివైసెస్’ పెట్టండి. ఇప్పుడు పరికరం ఎలా కనిపిస్తోందో చూడండి.

పసుపు గుర్తుతోనో, కిందికి చూపే బాణంతోనో, మసకగానో కనిపిస్తే దాని మీద రెండుసార్లు నొక్కండి. మధ్యలో ఒక కోడ్ ఉంటుంది, దాన్ని రాసుకోండి.

- కోడ్ 28: పరికరం పలికింది, డ్రైవర్ లేదు. ఇది శుభవార్త. డ్రైవర్ వేస్తే అయిపోతుంది.
- కోడ్ 22: ఎవరో డిజేబుల్ చేశారు. కుడి క్లిక్ చేసి ఎనేబుల్ చేయండి.
- కోడ్ 10: డ్రైవర్ ఉంది, పరికరం మొదలవ్వలేదు. 2వ దశ మళ్లీ చేయండి, తర్వాత డ్రైవర్ మార్చండి.
- కోడ్ 43: పరికరమే తనలో లోపం ఉందని చెప్పింది, అందుకే విండోస్ ఆపేసింది. యూఎస్‌బీ వాటికైతే ముందు కేబుల్‌ని అనుమానించండి. గ్రాఫిక్స్ కార్డుకి వస్తే ముందు డ్రైవర్ తీసేసి మళ్లీ వేయండి, అప్పటికీ వస్తే కార్డునే.
- కోడ్ 45: ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు లేదు. మసకగా కనిపిస్తుంది.

కోడ్ 45తో మసకగా ఉన్నదాన్ని చూసి ‘కనిపిస్తోందిగా’ అనుకోకండి. అది పాత జ్ఞాపకం మాత్రమే. ఈసారి హాజరులో అది పలకలేదు.

‘అన్‌నోన్ డివైస్’ అని ఉంటే ఏ డ్రైవర్ వేయాలో ఊహించక్కర్లేదు. ‘డీటెయిల్స్’ ట్యాబ్‌లో ‘హార్డ్‌వేర్ ఐడీస్’ ఎంచుకోండి. వి-ఇ-ఎన్ పక్కన కంపెనీ నంబరు, డి-ఇ-వి పక్కన మోడల్ నంబరు ఉంటాయి. యూఎస్‌బీ వాటికి వి-ఐ-డి, పి-ఐ-డి అని ఉంటాయి. ఆ రెండూ ఉన్నవి ఉన్నట్టుగా సెర్చ్ చేస్తే పరికరం పేరు తెలుస్తుంది. డ్రైవర్ మాత్రం ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచే తీసుకోండి. ‘డ్రైవర్లన్నీ ఒకేసారి అప్‌డేట్ చేస్తాం’ అనే ప్రోగ్రామ్‌ల జోలికి వెళ్లొద్దు.

రెండో మినహాయింపు టచ్‌ప్యాడ్. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలా టచ్‌ప్యాడ్‌లు ఐ-టూ-సీ అనే సన్నటి దారి మీద ఉంటాయి. ఆ దారిలో హాజరు పిలిచే పద్ధతి లేదు. ఫలానా చోట టచ్‌ప్యాడ్ ఉందని బయోస్ ఇచ్చిన పట్టికే చెప్పాలి, ఆ దారిని నడిపే డ్రైవర్ కూడా ఉండాలి. విండోస్ కొత్తగా వేయగానే టచ్‌ప్యాడ్ మాయమైందంటే ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో ‘సీరియల్ ఐఓ’ డ్రైవర్ లేకపోవడమే తరచుగా కారణం. టచ్‌ప్యాడ్ డ్రైవర్ ఎన్నిసార్లు వేసినా లాభం ఉండదు, ముందు ఇది వేయాలి.

5. ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో లేపండి

విండోస్ తప్పా, పరికరం తప్పా అనేది తేల్చే అసలు పరీక్ష ఇది. పెన్‌డ్రైవ్ పెట్టి, బూట్ మెనూ కీతో దాన్ని ఎంచుకోండి. చాలా వాటికి ఎఫ్12, కొన్నింటికి ఎఫ్9 లేదా ఎస్కేప్. ఎంచుకోమని అడిగినప్పుడు ‘ట్రై’ అని ఉన్నదే నొక్కండి. ‘ఇన్‌స్టాల్’ నొక్కితే మీ డిస్క్ చెరిగే దారిలోకి వెళ్తారు. ‘ట్రై’లో మీ డిస్క్ మీద ఏదీ రాయదు.

ఉబుంటులో వైఫై పనిచేసిందంటే కార్డు బాగుంది, బోర్డ్ బాగుంది, తప్పు విండోస్ వైపే. అక్కడా పనిచేయకపోతే ఇంకా తీర్పు చెప్పకండి. తర్వాతి దశ చూడండి.

6. బూట్ మెసేజ్‌లు చదవండి

ఉబుంటులోనే టెర్మినల్ (కమాండ్‌లు టైప్ చేసే కిటికీ) తెరవండి. కమాండ్‌లను ఫోన్‌లో చెప్పినట్టు అక్షరం అక్షరంగా చెబుతాను. అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, గీతలు లేకుండా కలిపి కొట్టండి.

మొదట ఎల్-ఎస్-పి-సి-ఐ కొట్టి, ఖాళీ వదిలి, మైనస్ గుర్తు, దాని పక్కనే కె. హాజరు పలికిన పీసీఐ పరికరాలన్నీ వస్తాయి. వైఫై ‘నెట్‌వర్క్ కంట్రోలర్’ అని ఉంటుంది. దాని కింద ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అనే వరుస ఉందా? ఉంటే డ్రైవర్ పట్టుకుంది. పరికరం ఉండి ఆ వరుస లేకపోతే డ్రైవర్ దొరకలేదు. పరికరమే లేకపోతే 7వ దశకి వెళ్లండి. యూఎస్‌బీ వాటికి ఎల్-ఎస్-యు-ఎస్-బి. డిస్కులకి ఎల్-ఎస్-బి-ఎల్-కె.

ఇప్పుడు అసలు రాత. ఎస్-యు-డి-ఓ కొట్టి, ఖాళీ వదిలి, డి-ఎం-ఇ-ఎస్-జి. మొదటి పదం మానేస్తే కొత్త ఉబుంటు అనుమతి లేదంటుంది. వందల వరుసలు గబగబా వెళ్లిపోతాయి, భయపడకండి, అన్నీ చదవక్కర్లేదు. ప్రతి వరుస మొదట బ్రాకెట్‌లో ఉన్న అంకె కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి ముఖ్య భాగం) మొదలైనప్పటి నుంచి గడిచిన సెకన్లు. ఆ అంకెలు ఒక్కచోట 4 నుంచి అమాంతం 34కి దూకాయంటే ఆ ముప్పై సెకన్లు ఏదో పరికరం జవాబు కోసం సిస్టమ్ కాచుకుందన్నమాట. దూకిన చోట ముందూ వెనకా ఉన్న వరుసల్లో దాని పేరు ఉంటుంది. ‘ఆన్ అవ్వడానికి చాలాసేపు పడుతోంది’ అనేవాళ్లకి ఇంతకన్నా సూటి జవాబు దొరకదు.

యూఎస్‌బీ పరికరాన్ని కళ్ల ముందే పరీక్షించవచ్చు. అదే కమాండ్ చివర ఖాళీ వదిలి, మైనస్, డబ్ల్యూ చేర్చండి. కొత్త మెసేజ్ రాగానే తెర మీద పడుతుంది. ఇప్పుడు పరీక్షించాల్సిన పెన్‌డ్రైవ్ గుచ్చండి, ఉబుంటు ఉన్నదాన్ని తీయొద్దు. మంచి పరికరమైతే క్షణంలో ‘న్యూ హై స్పీడ్ యూఎస్‌బీ డివైస్’ అని ఒక వరుస, తర్వాత కంపెనీ, మోడల్ నంబర్లు, ఉత్పత్తి పేరు, ఆ తర్వాత డిస్క్ సైజు వరుసగా వస్తాయి. ఎక్కడ ఆగితే అక్కడే లోపం.

- గుచ్చినా ఒక్క వరుసా రాలేదు: పోర్టుకి పరికరం వచ్చినట్టే తెలియలేదు. వైరు, పోర్టు, లేదా పరికరం పూర్తిగా చచ్చింది. చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్ వాడినా ఇలాగే ఉంటుంది.
- ‘డిస్క్రిప్టర్ రీడ్ ఎర్రర్’ పక్కన మైనస్ 71 లేదా మైనస్ 110, చివర ‘అనేబుల్ టు ఎన్యూమరేట్’: ఏదో ఉందని తెలిసింది, నంబర్లు అడిగితే సరిగ్గా చెప్పలేకపోయింది. 71 అంటే మాట తడబడింది, 110 అంటే గడువులోగా జవాబు రాలేదు. కేబుల్ మార్చి, వెనక పోర్టులో పెట్టి చూడండి.
- పేరు, నంబర్లు వచ్చాయి, డిస్క్ సైజు రాలేదు: పరికరంలోని కంట్రోలర్ బతికే ఉంది, దాని లోపలి మెమొరీ దెబ్బతిన్నట్టు.
- సైజు కూడా వచ్చింది, విండోస్‌లో మాత్రం కనిపించదు: ఇది డిటెక్షన్ సమస్యే కాదు. డ్రైవ్ లెటర్ లేకపోవడమో, ఫైల్ సిస్టమ్ చెడిపోవడమో.

యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్‌ని గుచ్చినప్పుడు ‘సూపర్ స్పీడ్’ అనాలి. ‘హై స్పీడ్’ అంటే 5 జీబీపీఎస్ బదులు 480 ఎంబీపీఎస్ దగ్గరే మాట కుదిరింది. డిస్క్ పనిచేస్తుంది గానీ నత్తనడకే. కేబుల్ మార్చండి.

సాటా డిస్కులకైతే (డేటా కేబుల్‌తో బోర్డ్‌కి కలిసేవి) ‘సాటా లింక్ అప్’ అనే వరుస వెతకండి. 6 జీబీపీఎస్ రావాల్సిన చోట పదేపదే తగ్గుతూ 1.5కి దిగిందంటే డిస్క్ కన్నా ముందు డేటా కేబుల్‌ని అనుమానించండి. డిస్క్ తన ఆరోగ్యం గురించి రాసుకునే స్మార్ట్ రిపోర్టులో 199వ నంబరు పెరుగుతోందంటే కేబుల్ వైపు, 5, 197 పెరుగుతున్నాయంటే డిస్క్ వైపు లోపం. 5, 197 పెరుగుతుంటే మిగతా పరీక్షలన్నీ ఆపి, ముందు ఫోటోలూ ఫైళ్లూ బయటికి తీసేయండి.

వైఫై విషయంలో జనం ఎక్కువగా మోసపోయేది ఫర్మ్‌వేర్ వరుసల దగ్గర. ‘ఫెయిల్డ్ టు లోడ్ ఫర్మ్‌వేర్’, ఎర్రర్ మైనస్ 2 అని రెండు మూడుసార్లు కనిపిస్తుంది. మైనస్ 2 అంటే ఆ పేరుతో ఫైల్ లేదని. ఇంటెల్ వైఫై డ్రైవర్ ముందు కొత్త వెర్షన్ అడుగుతుంది, లేకపోతే దాని కిందిది, అదీ లేకపోతే ఇంకా కిందిది. చివరికి ‘లోడెడ్ ఫర్మ్‌వేర్ వెర్షన్’ అని వచ్చిందంటే పైన ఎర్రగా కనిపించినవన్నీ పట్టించుకోనక్కర్లేదు. ఆ వరుస రాకపోతేనే సమస్య. అప్పుడు ఫోన్‌ని యూఎస్‌బీ టెథరింగ్‌తో కలిపి, నెట్ తెచ్చుకుని, అప్‌డేట్ చేయండి. అన్నీ సరిగ్గా ఉండి కూడా వైఫై లేవకపోతే ఆర్-ఎఫ్-కె-ఐ-ఎల్-ఎల్ కొట్టి చూడండి. ‘హార్డ్ బ్లాక్డ్’ అని ఉంటే ల్యాప్‌టాప్ మీద ఉండే వైఫై స్విచ్చో, ఫంక్షన్ కీయో ఆఫ్‌లో ఉంది.

‘ఏసీపీఐ బయోస్ ఎర్రర్’ అనే ఎర్ర వరుసలు చాలా ల్యాప్‌టాప్‌లలో ఉంటాయి. బయోస్ రాసిన పట్టికల్లోని చిన్నచిన్న తప్పులవి. మీ పరికరానికి సంబంధం లేకపోతే వదిలేయండి.

7. జాబితాలోనే లేకపోతే: ఊడదీసి, తుడిచి, పెట్టడం

ముందు కరెంటు వైరు పూర్తిగా పీకేయండి. చేతులతో క్యాబినెట్ రంగు వేయని ఇనుము భాగాన్ని ముట్టుకుని ఒంటి మీది స్టాటిక్ వదిలించుకోండి. ల్యాప్‌టాప్ వారంటీలో ఉంటే మాత్రం తెరవొద్దు, ఇక్కడే ఆగండి.

సముద్రానికి దగ్గరగా, బీచ్ రోడ్ వెంట, పెదవాల్తేరులో, భీమిలి దారిలో ఉండేవాళ్ల సిస్టమ్‌లు తెరిస్తే తేడా తెలుస్తుంది. ర్యామ్ కింది అంచున వరుసగా ఉండే బంగారు రంగు పళ్లు మెరవాలి. ఉప్పుగాలికి అవి మసకబారి, కొన్నింటి మీద గోధుమ రంగు మరకలు, స్క్రూల చుట్టూ తుప్పు కనిపిస్తాయి. ఒక్క పన్ను ఆనకపోయినా ఆ ర్యామ్ మొత్తం లెక్కలోకి రాకపోవచ్చు. ఓడరేవు పక్కన వన్‌టౌన్‌లో అయితే నల్లటి సన్న దుమ్ము స్లాట్లలో పేరుకుంటుంది. నోటితో ఊదకండి, తడి చేరుతుంది. బ్రష్‌తో తీయండి.

ర్యామ్ రెండు చివర్ల క్లిప్పులు వెనక్కి నొక్కితే పైకి లేస్తుంది. అంచులు పట్టుకోండి, పళ్లు ముట్టుకోవద్దు. మెత్తటి గుడ్డకి ఐసోప్రొపైల్ అద్ది ఒకే దిశలో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. రబ్బరుతో రుద్దడం మన షాపుల్లో అలవాటే. పనిచేస్తుంది కూడా. కానీ రబ్బరు తుక్కు పళ్ల మధ్య మిగిలితే కొత్త సమస్య, గరుకు రబ్బరు పూతని అరగదీస్తుంది. తప్పకపోతే మెత్తటి తెల్ల రబ్బరుతో నెమ్మదిగా రుద్ది, బ్రష్‌తో దులపండి. శానిటైజర్ వద్దే వద్దు, అందులో నీళ్లు, జిడ్డు ఉంటాయి.

తిరిగి పెట్టేటప్పుడు గాడి చూసుకుని, క్లిప్పులు టక్కుమనేదాకా సమానంగా నొక్కండి. రెండు ర్యామ్‌లు ఉంటే ఒక్కోటి విడిగా, ఒక్కో స్లాట్‌లో పెట్టి చూడండి. ర్యామ్ మారినా అదే స్లాట్‌లో రాకపోతే స్లాట్ లోపం. స్లాట్ మారినా అదే ర్యామ్ రాకపోతే ర్యామ్ లోపం. డిస్క్‌కీ ఇదే పద్ధతి, కేబుల్‌నీ పోర్టునీ విడివిడిగా మార్చండి. రెండూ ఒకేసారి మారిస్తే పనిచేసినా ఏది తప్పో తెలియదు.

8. నిజంగా బాగైందా?

ఒకసారి కనిపించగానే మూత బిగించేయకండి. మూడుసార్లు రీస్టార్ట్ చేయండి, ఒకసారి పూర్తిగా ఆపి చల్లబడ్డాక లేపండి. వదులు కాంటాక్ట్ వేడి మీద బాగానే ఉండి, చల్లగా ఉన్నప్పుడు పోవచ్చు.

విండోస్‌లో టాస్క్ మేనేజర్, పెర్ఫార్మెన్స్, మెమొరీ తెరిస్తే మొత్తం ర్యామ్, ఎన్ని స్లాట్లు వాడుతోందో, స్పీడ్ ఎంతో ఉంటుంది. 8 జీబీ పెట్టి 7.7 వాడుకోవచ్చు అంటే లోపం కాదు, కొంత బోర్డ్‌లోని గ్రాఫిక్స్ తీసుకుంటుంది. 16 పెట్టి 8 కనిపిస్తేనే లోపం. అలాగే 1 టీబీ డిస్క్ 931 జీబీ అని కనిపించడం లెక్కల తేడా మాత్రమే.

డివైస్ మేనేజర్‌లో పరికరం ప్రాపర్టీస్‌లో ‘ఈవెంట్స్’ ట్యాబ్ చూడండి. అందులో ‘డివైస్ స్టార్టెడ్’ అని ఉండాలి.

మళ్లీ మళ్లీ చూసే తప్పులు

డిస్క్ కనిపించకపోతే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరుస్తారు, ‘ఇనిషియలైజ్ డిస్క్’ అని పెట్టె వస్తుంది, ఓకే కొడతారు. పాత ఫైళ్లున్న డిస్క్ మీద ఇది చేస్తే దాని విభజన పట్టిక మీద కొత్తది రాస్తుంది. ‘ఫార్మాట్ చేయాలా’ అన్న పెట్టెకీ ఇదే జవాబు. డేటా కావాలంటే రెండింట్లోనూ క్యాన్సిల్ నొక్కండి. ఈ వ్యాసం మొత్తంలో ఒక్క హెచ్చరికే గుర్తుంచుకుంటానంటే ఇదే గుర్తుంచుకోండి.

బీప్ శబ్దాలకు ఎక్కడో దొరికిన జాబితా చూసి అర్థం చెప్పుకోవడం ఇంకో తప్పు. బయోస్‌ని బట్టి బీప్‌ల అర్థం మారుతుంది. మీ బోర్డ్ మాన్యువల్‌లో ఉన్నదే లెక్క.

తెర మీద మెసేజ్‌లు చదవకముందే వెళ్లిపోతున్నాయని ఆగిపోవద్దు. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి ఆపి చదవండి. కంపెనీ లోగో అడ్డుగా ఉంటే బయోస్‌లో ఫుల్ స్క్రీన్ లోగోనో, క్వైట్ బూటో ఆపవచ్చు. ఉబుంటు లోగో అడ్డుగా ఉంటే ఎస్కేప్ నొక్కితే వెనక మెసేజ్‌లు కనిపిస్తాయి.

షాపుకి వెళ్లక తప్పకపోతే

కాగితం మీద ఇవి రాసి తీసుకెళ్లండి: బయోస్‌లో కనిపించిందా లేదా, విండోస్‌లో ఏ కోడ్, ఉబుంటులో పరికరం నంబర్లు వచ్చాయా, ఏ వరుస దగ్గర ఆగింది, ఏ ర్యామ్ ఏ స్లాట్‌లో పలకలేదు. ఫోటోలు చూపించండి. ‘ఉబుంటులో వైఫై పనిచేస్తోంది’ అని రుజువు చూపిస్తే బోర్డ్ మార్చాలనే మాట రాదు. ‘రెండు స్లాట్లలోనూ ఈ ర్యామ్ రాలేదు’ అంటే ర్యామ్ ధర ఒక్కటే మాట్లాడుకుంటారు. పార్ట్ మారుస్తామంటే పాతది తిరిగి ఇవ్వమని ముందే అడగండి. మార్చాక డబ్బులిచ్చే ముందు అక్కడే, మీ ముందే, రీస్టార్ట్ చేయించి డివైస్ మేనేజర్ తెరిపించి చూడండి.